హేమ బదులు నేను కూర్చున్న క్లాసు

జూలై 4, శుక్రవారం

ఆరుసార్లు నొక్కాను. ఆరూ పడ్డాయి.

పొద్దున రైలుకు పరుగెడుతూ హేమ గుమ్మంలో నిలబడి చెప్పిన మాటలు — "అత్తా, రెండింటికి పాఠం మొదలైతాది. మధ్యమధ్యలో టింగుమంటాది, పచ్చ గుర్తు వస్తాది. మనిషి ఉండాడా లేదా అని అడిగేది అది. నిమిషంలోపల నొక్కు. అంతే."

అంతేనట. చిత్తూరు కోర్టులో వాదించే కోడలికి, ఐదో క్లాసుతో బడి మానేసిన అత్త హాజరు వెయ్యాలి.

లాయర్లు కూడా మళ్లీ చదువుకోవాలట. ఇదేదో ఆన్‌లైన్ కోర్సు. ఎనిమిది క్లాసులు, మంగళవారాలు, శుక్రవారాలు. ఒక్కో క్లాసులో ఆరుసార్లు నొక్కాలి. ఒకటి తప్పినా ఆ క్లాసు లెక్కలోకి రాదు. అన్నీ నిండితేనే సర్టిఫికెట్టు. మొన్న మంగళవారం మొదటి క్లాసుకు కోర్టు మానేసి తనే కూర్చుంది. పెద్ద లాయరు తిట్టాడట. సాయంత్రం బ్యాచీలో చోటు లేదట. అందుకని నేను.

అన్నం తిన్నాక నీళ్లు తాగలేదు. మధ్యలో బాత్రూముకు పోవాల్సివస్తే? అప్పుడే టింగుమంటే?


జూలై 5

ఒకటే దిగులు. ఇది దొంగ హాజరు కాదా?

అడిగాను. "పట్టుకుంటే?"

"ఎవురు పట్టుకుంటారత్తా? ఆడ మనల్ని సూసేవాళ్లు ఎవురుండారు?"

"నీ నల్లకోటు పీక్కుంటేనో?"

"పీక్కోనీ. ఉతికే పని తప్పతాది నీకు."

నవ్వేసి పోయింది. నాకు నవ్వు రాలేదు.

ఈ డైరీ కూడా ఆమెదే. పోయినేటిది, పుస్తకాల అంగడివాళ్లు లాయర్లకు ఊరికే ఇచ్చేది. అచ్చేసిన వారాలు తప్పు. కొట్టేసి రాస్తున్నాను. దీనికీ ఏదన్నా కేసు ఉంటుందేమో.


జూలై 8, మంగళవారం

మూడో క్లాసు. కళ్లద్దాల సారు. మొదలుపెట్టగానే — "అందరూ భోంచేశారా?"

"తిన్నాం సార్" అన్నాను. పైకే అనేశాను. తర్వాత గది చూసుకుంటే ఎవరూ లేరు. గోడ మీద నా కొడుకు మోహన పటం. వాడు నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం పూట ఈ ఇంట్లో నన్ను తిన్నావా అని అడిగి ఎన్నాళ్లయింది? వాడు పోయి మూడేళ్లు. అన్నాళ్లూ అయ్యుంటుంది.

సారు మాటల్లో సగం ఇంగ్లీషు. మిగతా సగం అర్థమవుతోంది. విన్నకొద్దీ ఒకటి తోచింది... చిన్నప్పుడు మా ఊరి భారతం తిరునాళ్లలో పద్దెనిమిది రోజులూ మధ్యాహ్నం హరికథ. చేలో పని ఉన్నవాళ్లు వినలేరు. మా అవ్వ నన్ను తోలేది. "పోయి ఇను మే. సందకాడ మాకు చెప్పు." చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సంగటి ముందు కూర్చున్నాక నాచేత చెప్పించేవాళ్లు. ఒక్క ముక్క వదిలినా అవ్వ మొట్టికాయ వేసేది. "ఆడ నిద్దరపోయినావా?"

నా చెవులతో వాళ్లంతా విన్నట్టే లెక్క. పుణ్యం కూడా వాళ్లకే అనేది అవ్వ.

మరి ఇదీ అంతే కదా. నేను విని హేమకు చెబితే దొంగ హాజరెట్లా అవుతుంది? పాఠం చేరాల్సిన చెవికి చేరితే చాలదా?

కాస్త ప్రాణం కుదుటపడింది.


అదే రోజు, సాయంత్రం

చెప్పాను. హేమ ఎప్పటిలాగే ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ముద్ద.

"ఫీజు ఇవ్వలేదని కక్షిదారు కాయితాలు పట్టిపెట్టుకోకూడదంట. వాళ్లు చెవిలో చెప్పింది బయట చెప్పకూడదంట, కేసు అయిపోయినాక కూడా."

తలెత్తింది. "సారు ఇంగ్లీషులో చెప్పింటాడే. నీకెట్ల తెలిసె?"

"తెలిసినకాడికి తెలిసె."

ఫోను బోర్లించి పక్కన పెట్టింది! "ఇంకా ఏం చెప్పినాడు? ఒక్క ముక్క ఇడిసిపెట్టినా ఒప్పుకోను."

అవ్వ గుర్తొచ్చింది. అరగంట చెప్పాను. మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వెయ్యమంది. మోహన పోయాక మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడుకుంటూ తిన్న పూటలు నా వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఉంది.


జూలై 11, శుక్రవారం

కుళాయి దగ్గర పక్కింటి మునెమ్మ —

"సరోజక్కా, మద్యానం పూట మీ ఇంట్లో మొగమనిషి గొంతు ఇనపడతా ఉండాదే!"

పదిమంది ఆడవాళ్లు. బిందె జారినంత పనయింది.

"పాఠం మే. కంప్యూటర్లో."

"ఎవురికి?"

ఏం చెప్పాలి? హేమకు అంటే, హేమ ఇంట్లో లేదు కదా అంటుంది. "నాకే" అన్నాను.

"ఓయమ్మ! ఈ వయసులో నల్లకోటు కుట్టించుకుంటావా? అట్లయితే మొదటి కేసు నాదే. మా మొగుని మింద ఎయ్యి."

అందరూ నవ్వారు. ఇంటికొచ్చి కిటికీ మూశాను. ఉక్క. అయినా మూసే విన్నాను. ఆరూ నొక్కాను.

సాయంత్రం హేమకు చెప్పాను. "ఈ పొద్దు మంచి మాట చెప్పినాడు సారు. లాయరైనోడు తన మనిషికాడ ఏదీ దాచకూడదంట. కేసు ఓడిపోయేటట్టు ఉంటే ముందే చెప్పేయాలంట. చెడ్డ కబురు ఆలస్యం చేస్తే ఇంకా చెడ్డదయితాదంట."

సంగటి పిసుకుతున్న చెయ్యి ఆగింది.

"చాలత్తా" అని కంచం ఎత్తుకుపోయింది. సగం మిగిలింది.

పులగూరలో ఉప్పెక్కువైందేమో. నేను చూసుకోలేదు.


జూలై 13, ఆదివారం

ఉప్పు కాదు.

హేమ మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఫోన్లో మాట్లాడుతోంది. నేను రెండో బక్కెట్టు ఎత్తుకుని మెట్లెక్కుతున్నాను. తిరుచానూరులో ఉన్న వాళ్లమ్మతో.

"...తిరుపతి ఆఫీసోళ్లు ఒప్పుకున్నారుమా. ఆడోళ్ల కేసులే సూసేది. ఈ సర్టిఫికెట్టు చేతికొస్తే వచ్చే నెలే చేరమంటారు... ఆఁ, నీకాడనే ఉంటా, ఇంక యాడికి పోతా... లేదుమా, అత్తకింకా చెప్పలా. ఎట్ల చెప్పేది..."

చప్పుడు కాకుండా దిగి వచ్చేశాను. తడిబట్టలు బక్కెట్టులోనే ఉండిపోయాయి. మక్కిపోయిన వాసన వస్తే మళ్లీ ఉతకాలి.


జూలై 14

మా పాకాల నుంచి తిరుపతి ఎంత. రైల్లో గంట. అయినా.


జూలై 15, మంగళవారం

ఆరూ నొక్కాను. నొక్కినప్పుడల్లా ఆమె పెట్టె నేనే సర్దుతున్నట్టుంది.

ఆమెకు ముప్పై నాలుగు. నా దగ్గర ఎందుకుండాలి? మోహన ఉంటే కోడలు. ఇప్పుడు ఏమని ఉంటుంది? మూడేళ్లుంది, అదే ఎక్కువ. కన్నతల్లి పిలుస్తోంది. పోనీ అనుకోవాలి. అనుకుంటాను. మరుక్షణమే — గ్యాసు బండ ఎవరు మారుస్తారు, జ్వరమొస్తే ఎవరిని పిలవాలి, మునెమ్మ వాళ్లు ఇల్లు మారితే ఎట్లా... అన్నీ ఒకేసారి.

సాయంత్రం తనే అడిగింది. "ఈ పొద్దు పాఠం ఏందత్తా?"

తలనొప్పి అన్నాను.


జూలై 18, శుక్రవారం

ఆడి నెల మొదటి శుక్రవారం, అమ్మవారి రోజు. పొద్దున గంగమ్మకు అంబలి పోసి వచ్చాను. అదే చేత్తో...

ఐదు నొక్కాను. ఆరోది టింగుమంది. పచ్చ గుర్తు వచ్చింది. వేలు దానిమీదే ఉంది. నొక్కలేదు.

నిమిషం ఎంత పొడుగు! పొయ్యి దగ్గర చీమల బారు చూశాను. మోహన వైపు చూడలేదు. గుర్తు బూడిదరంగుకు తిరిగి పోయింది. సారు అందరికీ నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు.

హేమ వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. ఆరో క్లాసుకు ఎర్ర గీత.

"ఏమైందత్తా?"

"కరెంటు పోయింది."

నావైపు చూసింది. ల్యాప్‌టాప్ వైపు చూసింది. మళ్లీ నావైపు.

"సరేలే. తప్పు నాదే. నీ మింద పెట్టకుండా ఉండాల్సింది."


జూలై 19

గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. పోయిన వారం రెండు గంటలు కరెంటు లేదు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది, పాఠం ఆగలేదు. నేనే ఆ రోజు అబ్బురంగా హేమకు చెప్పాను.

ఆమెకు తెలుసు. తెలిసీ అడగలేదు.

అరిచినా బాగుండేది.


జూలై 22, మంగళవారం

ల్యాప్‌టాప్ కోర్టుకు ఎత్తుకుపోయింది. పెద్ద లాయరును బతిమాలుకుందట. ఆయన గదిలోనే ఓ మూల కూర్చుని వింటుందట.

రెండింటికి నేను మామూలుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నీళ్లు తాగకుండానే. బల్ల ఖాళీ. నాలుగయ్యేదాకా కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంచాను. వినేందుకు ఏముంది.


జూలై 23

మునెమ్మ — "ఏమక్కా, మీ సారు రాలేదా నిన్న?"

"రాలేదు మే."

"అలిగినాడేమో" అంది.


జూలై 25, శుక్రవారం

ఎనిమిదో క్లాసు కూడా అయిందట. మిగిలింది నేను పోగొట్టిందొక్కటే. తప్పిన ఒక క్లాసును మళ్లీ కూర్చుని వినొచ్చట, ఆదివారం. ఒక్కసారే అవకాశం. అది కూడా తప్పితే సర్టిఫికెట్టు లేదు, తిరుపతి ఆఫీసు లేదు. ఆఫీసు మాట తను చెప్పలేదు. నేనే కలుపుకున్నాను.

మూడు రోజులుగా భోజనాల దగ్గర ఫోను మళ్లీ ఆమె చేతిలోకి వచ్చింది.


జూలై 27, ఆదివారం

పది గంటలకు హేమ బల్ల దగ్గర కూర్చుంది. నేను బియ్యంలో రాళ్లేరుతున్నాను. చెవిలో పెట్టుకునే వాటిల్లో ఒకటి తీసి చాచింది.

"రా అత్తా. నువ్వూ ఇను."

"నేనెందుకులే."

"నువ్వు లేకుంటే నాకు సగమే తెలుస్తాది. రా."

తల పక్కన తల పెట్టుకుని కూర్చున్నాం. వైరు పొట్టిది. ఆమె జుట్టులో కొబ్బరినూనె వాసన.

అదే పాఠం. అదే చొక్కా. అదే దగ్గు. ఆ రోజుది పట్టిపెట్టుకున్నారట. "అందరూ భోంచేశారా?" అన్నాడు సారు, పొద్దున పదింటికి. అని, జవాబు కోసమన్నట్టు ఆగాడు. ఆ రోజూ ఆ ఆగిన చోట నేను ఎప్పటిలాగే తిన్నాం సార్ అన్నాను. దీంట్లో అది ఎక్కడా లేదు. ఆయన నీళ్లు తాగి పాఠంలోకి పోయాడు.

ఐదుసార్లు హేమే నొక్కింది.

అప్పుడు కుక్కరు కూసింది. లేచింది. "అత్తా, వస్తే నొక్కు" అని వంటింట్లోకి పోయింది. కూత ఆగింది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆమె మాత్రం తిరిగి రాలేదు. వంటింటి గుమ్మానికి అవతల ఆమె చీర కుచ్చిళ్లు కనిపిస్తున్నాయి. కదలడం లేదు.

టింగుమంది.

వేలు కొంగుకు తుడుచుకున్నాను. బియ్యపు తవుడు అంటుకుని ఉంది.

నొక్కాను.

అప్పుడు వచ్చింది. తెర చూసింది. నా చెవిలోది తనే మెల్లగా తీసి, వైరు చుట్టి పెట్టింది.


జూలై 28

మోహనకు చెప్పాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు. వాడిదేం పోయింది.


జూలై 30, బుధవారం

సర్టిఫికెట్టు వచ్చింది. చిత్తూరులో ప్రింటు తీయించుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చింది. రంగుల అంచు, కింద సంతకం. ఇంగ్లీషులో ఆమె పేరు. పేరు చివర మా ఇంటిపేరు ఇంకా అట్లాగే ఉంది. వేలు పెట్టి అక్షరాలు తడిమి చూశాను.

మోహన పటం దగ్గర పెట్టింది. మొహం కడుక్కుని వచ్చింది. ఫోను బల్ల మీద బోర్లించింది.

"అత్తా, నీతో ఒక మాట మాట్లాడాల. ఇట్ల కూసో."

"పొయ్యి మింద పాలుండాయి" అని లేచి వచ్చేశాను.

పొయ్యి మీద ఏమీ లేదు. పాలు పొద్దున్నే కాచాను. గట్టు మీద ఈ డైరీ పెట్టుకుని రాస్తున్నాను.

పోతున్నా అంటుందా. నువ్వూ రా అంటుందా. వాళ్లమ్మ ఇంట్లో నేను ఏమని ఉండేది? పాకాల ఇల్లు ఇడిసిపెట్టి నేనెట్లా... కరెంటు సంగతి అడుగుతుందా? అడిగితే చెప్పేస్తాను. చెడ్డ కబురు ఆలస్యం చెయ్యకూడదు అని నేనే కదా చెప్పాను ఆమెకు. చెప్పగలనా?

హాల్లోంచి పిలుస్తోంది.

"అత్తా... ఉండావా?"

నిమిషం ఇంకా కాలేదు.