నాలుగో తీగ

బావగారికి,

క్షేమమేనా అని అడగను. మీరు క్షేమమేనని అక్క ఫోన్లో చెప్తూనే ఉంది.

గోదాము గంట సర్క్యూట్ తప్పు నాదేనని నన్ను సంతకం పెట్టమన్నారట మీరు. గీసింది నేనే. ఎనిమిది సెన్సర్లు, వేడి తగిలినది ఒకటి అంటుంది, తగలనిది సున్నా. కనీసం రెండు ఒకట్లు లెక్కకొస్తే గంట మోగాలి. ఎనిమిది దాకా లెక్క చెప్పాలంటే నాలుగు తీగలుండాలి, మూడైతే ఏడు తర్వాత మళ్ళీ సున్నాయే అని మొత్తుకున్నాను. "ఎనిమిదీ ఒకేసారి ఎందుకు వేడెక్కుతాయమ్మా? చోటు దండగ, మూడు చాలు" అని కొట్టేసింది మీరు.

గోదాము అంటుకున్న రోజు ఏడు సెన్సర్ల దాకా గంట మోగింది. ఎనిమిదోదానికీ వేడి తగలగానే ఆగిపోయింది. అక్కడ కాపలా మీ తోడల్లుడే కదా. మంట ఆరిందనుకుని తలుపు తీశారు.

రెండు చేతులకూ కట్లతో, "గంట ఆగింది కదే?" అని నన్నే అడుగుతున్నారు.

"ఇంటి గుట్టు రచ్చకెక్కించకే" అని అక్క ఏడుస్తోంది. సరే, పెడతాను సంతకం. ముందు మీరు ఆసుపత్రికి వచ్చి, ఆయన మంచం పక్కన నిలబడి, "మూడు చాలు" అని ఇంకొక్కసారి అనండి.

మీ మరదలు