సాక పోసే చెయ్యి

మార్చి 3
బీపీ పైఅంకె 176! డాక్టరమ్మ ఆశ్రిత అడిగింది: "రోజూ ఎంత తాగుతరు తాతా?"
"కొంచెం."
పక్కనే ఉన్న నా భార్య పోలమ్మ నవ్వింది. మా పెళ్లయ్యాక ఆమె అంత హాయిగా నవ్వడం ఇదే మొదలు.
తీర్పు: మాత్రలు మానకూడదు. ఉప్పు తగ్గించాలి. తాగుడు మానేస్తే మేలు. చేతకాకపోతే ఎప్పుడైనా ఒక్క పెగ్గు.

సాయంత్రం
పోలమ్మ షరతు పెట్టింది. మాతా పూజలో అమ్మవారి ముందు సారా ధారపోసే సాక ఈ ఏడు నా చేతి మీదుగా జరగాలని నా పట్టు. పదేళ్లుగా అది గిరిబాబు పని.
"పూజ పొద్దున్న బీపీ మిసను నూటయాభై దాటితే సాక గిరిబాబన్నే పోస్తాడు. తూలుకుంటా ఎల్లి అమ్మోరి మీద పడతావేటి?"
గిరిబాబు! ఆమెకు వరసకు అన్న. రైల్వే వర్క్‌షాపులో నేను చేసిన పనికి తాను చార్జిమన్‌గా ప్రమోషన్ కొట్టేసిన ఘనుడు. నా నిఘంటువు తీసుకెళ్లి పకోడీల నూనెతో తిరిగిచ్చాడు. చదివిన జాడ మాత్రం ఏ పుటలోనూ లేదు.
ప్రతిజ్ఞ: ఆదివారం ఒక్క పెగ్గు. అంతే! రైలుకు కాషన్ ఆర్డర్ లాంటిది. వేగం తగ్గించాలి, బండి ఆపక్కర్లేదు.

మార్చి 5
చుక్క ముట్టలేదు. మజ్జిగ తాగాను. అద్భుతం! మహాత్ములంతా ఇలాగే మొదలుపెట్టి ఉంటారు. తలనొప్పిగా ఉంది. వైరాగ్యం కాబోలు.

మార్చి 8, ఆదివారం
పెగ్గంటే ఎంతో డాక్టరమ్మ చెప్పలేదు. స్టీలు గ్లాసు నిండా పోశాను. గ్లాసు ఒకటే కదా.

మార్చి 11
మా ఊరి ఝపటాపూర్ బజారులో గిరిబాబు ఎదురయ్యాడు.
"ఏటి బావా, మజ్జిగంట! సాక కూడా మజ్జిగతోనే పోస్తావేటి?"
దుకాణం నడిపే బెంగాలీ దాదా కూడా నవ్వాడు. అవమానం బీపీకి మంచిది కాదు. వచ్చే ఆదివారం పెగ్గును పీఎఫ్ అడ్వాన్సులా ఇవాళే తీసుకున్నాను.

మార్చి 14
ఏప్రిల్ ఆదివారాలు కూడా అయిపోయాయి.

మార్చి 21
రేపే పూజ. చెయ్యి వణకకూడదని సాక పోయడం సాధన చేశాను. నేలమీద పోస్తే వృథా. నోట్లో పోసుకున్నాను. ధార చక్కగా వచ్చింది.

మార్చి 22
182!
"మిషను పాడైంది," అన్నాను. రుజువు కోసం, కొత్త పంచె కట్టుకుని ఆశగా వచ్చిన గిరిబాబు చేతికే పట్టీ చుట్టించాను.
194!
అతను నన్ను మించినందుకు తొలిసారి సంతోషించాను.
"ఇది దొంగ మిసను బావా," అన్నాడు గిరిబాబు.
పోలమ్మ పట్టీ తన చేతికి చుట్టుకుంది. 124. సీసా అందుకుని డప్పుల వెంట నడిచింది. సాక ఆమే పోసింది. చెయ్యి వణకలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.
ప్రసాదమన్నా ఇమ్మని ఇద్దరం అరుగు మీద కూర్చుని అడిగాం. సీసా మూతతో కొలిచి చెరో మూతెడు పోసింది.
"రేపు ఇద్దరూ డాక్టరమ్మకాడికి నడండి."
గిరిబాబు నా వాటా వైపు చూశాడు. "అదేటి సెల్లీ, బావకే ఎక్కువ పోసినావు?"

మార్చి 23
గిరిబాబుకూ మాత్రలు రాశారు. కొత్త ప్రతిజ్ఞ: ఆదివారం కూడా బంద్! వచ్చే ఏడు సాక నాదే. గిరిబాబును ఓడించడం సులువే. పోలమ్మను ఓడించాలి.
మజ్జిగ తాగాను. అద్భుతం! తలనొప్పిగా ఉంది.