లాగ్‌కు చెవులు లేవు

జూన్ 3
రక్తపరీక్షల ల్యాబ్‌లో సర్వర్‌కి అప్‌డేట్ వేసే మహత్కార్యం ఇకపై నాదేనట. ముందు రికార్డింగ్ ఆన్ చేయాలి. తెర మీద పడ్డ ప్రతి అక్షరమూ ఒక ఫైలులోకి వెళ్తుంది. అదే లాగ్. మనుషులు అబద్ధమాడతారు గానీ లాగ్ ఆడదు అన్నారు మేనేజర్. అందుకే ఆయనకు సత్యం సారు అని పేరు పెట్టాను. నెలాఖరుకి నా ప్రొబేషన్ పూర్తి. పర్మనెంట్ చేస్తూ సంతకం పెట్టాల్సింది ఆ సత్యమే.

జూన్ 6
రికార్డవుతోందో లేదోనని మధ్యలో లాగ్‌నే తెరిచి పెట్టుకు కూర్చున్నాను. అది చూపించిందల్లా అందులోకే రికార్డయింది. రికార్డయిందల్లా మళ్లీ చూపించింది. పాము తన తోక తానే మింగినట్టు, డిస్కు నిండేదాకా. చదువుకున్నవాడివేగా అని అడిగారు సారు. సర్టిఫికెట్ ప్రకారం అవును.

జూన్ 13
అప్‌డేట్ సగంలో ఆగి అడిగింది: స్టిక్కర్ ప్రింటర్‌కి కొత్త సెట్టింగులు పెట్టనా? వై ఆర్ ఎన్, అంటే ఎస్సా నోనా? నేనింకా చదువుతున్నాను. వెనకనుంచి సారు, కొత్తవే పెట్టవయ్యా, ఇదేమన్నా పాతసామాన్ల కొట్టా, వై కొట్టు అన్నారు.

కొట్టాను.

జూన్ 14
ప్రింటర్ ఖాళీ స్టిక్కర్లు కక్కుతోంది. రక్తం ట్యూబుల మీద పేర్లన్నీ టెక్నీషియన్ అక్క చేత్తో రాస్తోంది. ఒరే తమ్ముడూ, ఒక్క ట్యూబు తారుమారైనా నీ రక్తం కళ్లజూస్తా అంది. న్యాయమే. మీటింగ్‌లో సారు లాగ్ తెరిచి, ఆ వై మీద వేలు పెట్టి, ఇది కొట్టిందెవరు అన్నారు. మీరే కదా సార్ కొట్టమన్నది అన్నాను. ఎక్కడుందో చూపించు అన్నారు.

లేదు. వేళ్లు కొట్టింది లాగ్ రాసుకుంటుంది గానీ నోళ్లు చెప్పింది రాసుకోదు. ఇంకొక్క తప్పు జరిగితే సంతకం సంగతి మర్చిపొమ్మన్నారు.

జూన్ 15
పాత సెట్టింగులు వెతికి పెట్టాను. ప్రింటర్‌కి మాటొచ్చింది. అక్కకి ఇంకా రాలేదు.

జూన్ 20
మళ్లీ అప్‌డేట్. మళ్లీ ప్రశ్న, ఈసారి రిపోర్టుల గురించి. మళ్లీ వెనక సారు: వై కొట్టవయ్యా, ఏం చూస్తావు.

వై, ఎన్ తప్ప ఏం టైప్ చేసినా అప్‌డేట్ ఒప్పుకోదు, మళ్లీ అడుగుతుంది. లాగ్ మాత్రం అన్నీ రాసుకుంటుంది. సారు వై కొట్టమన్నారు అని టైప్ చేశాను. ఏమిటయ్యా అది అన్నారు. ఏమిటయ్యా అది అన్నారు అని టైప్ చేశాను. చెరిపెయ్ అన్నారు. అదీ టైప్ చేశాను.

కుర్చీ లాక్కున్న చప్పుడు. సారు కళ్లజోడు పెట్టుకుని ప్రశ్నని మొదటినుంచీ చదివారు: పాత రిపోర్టులన్నీ తీసేయనా? చెమట తుడుచుకున్నారు. ఎన్ కొట్టు బాబూ అన్నారు.

బాబూ అని కూడా టైప్ చేశాను.

జూన్ 28
సారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. నా చేతులు కీబోర్డు మీద లేవని రెండుసార్లు చూసుకున్నారు.