గోటి మీద నల్లచార

ఏమండీ, అన్నం కుక్కర్లో ఉంది. ముల్లంగి కిమ్చీ తిన్నాక జాడీ మూత గట్టిగా పెట్టండి. నేను మొదటి బస్సుకి క్వాంగ్‌జు పెద్దాసుపత్రికి వెళ్తున్నాను.

ఏప్రిల్లో నా బొటనవేలి గోటి మీద నల్లచార చూపిస్తే, "ఆల్చిప్పలు ఒలిచే కత్తి తగిలుంటుంది, గోరు పెరిగితే అదే పోతుందిలే" అన్నారు. నేనూ నమ్మాను. నలుగురి కంట పడకూడదని వేసవిలో ముద్దగోరింట పూలు నూరి పది గోళ్లకీ కట్టుకున్నాను. ఆ ఎరుపు గోరుతోపాటు కొసకి జరిగిపోయింది. చార మాత్రం జరగలేదు, ఇంకా వెడల్పై చర్మం మీదికి పాకింది. దెబ్బకి గడ్డకట్టిన నెత్తురైతే అదీ జరిగేదట. "ఇది క్యాన్సరు, అప్పుడే వచ్చుంటే ఒక్క వేలు తీసేస్తే పోయేదమ్మా" అంది నిన్న డాక్టరమ్మ, నా చంకలో గడ్డ తడిమి చూసి.

అమ్మాయి దాయున్ గోళ్లు ఈ రోజే వెలుతుర్లో చూడండి. చార కనబడితే దానికీ కత్తి కథ చెప్పకండి. వెంటనే డాక్టరుకి చూపించండి.

మరిచాను. తొలి మంచు పడేదాకా గోటి ఎరుపు నిలిస్తే తొలివలపు దక్కుతుందంటారు కదా, నాకు మీరు అలాగే దక్కారు. ఈ ఏడు కూడా ఎరుపు నిలిచేలాగే ఉంది. నిలవనిది నేనే.