అర్జున్ పక్కన కూర్చున్నవాళ్లు

గాజువాక,
12-9-84.

పూజ్యులైన మీకు గౌరీశ్వరి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ అర్జునూ క్షేమం. భిలాయిలో మీ ఆరోగ్యం, ట్రైనింగు సవ్యంగా ఉన్నాయని తలుస్తాను. మెస్సులో రొట్టెలు పడడం లేదని రాశారు. అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఆవకాయ పంపుతాను. ఇల్లుగలావిడ వంటింటి కప్పు బాగు చేయించింది, ఇప్పుడు కురవడం లేదు. ఉక్కునగరంలో క్వార్టర్ల మాట అడిగారు. గోడలైతే లేస్తున్నాయి, మన వంతు ఎప్పుడో చెప్పేవాళ్లే లేరు.

అర్జున్‌కి జ్వరం తగ్గిందా, ఉత్తరంలో వాడు నాలుగు ముక్కలెందుకు రాయడం లేదు అని అడిగారు. వాడికి జ్వరం రాలేదండీ. నేనే అబద్ధం రాశాను. నిజం రాస్తే మీరు ట్రైనింగు వదిలి రైలెక్కేస్తారని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను, స్థిమితంగా చదవండి.

వాడు ఆరో తరగతిలో చేరినప్పటినుంచీ పదో తరగతి ముఠా ఒకటి వాణ్ని పట్టుకుంది. వాళ్ల నాయకుడు స్కూలు గోడ కట్టిస్తున్న కంట్రాక్టరు కొడుకు. ఇంటర్వెల్లు గంట కొట్టగానే వీణ్ని నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కుపోయి, పుస్తకాల సంచీ గుంజుకుని, ‘నీ పేరు తడబడకుండా చెప్పు, ఇచ్చేస్తాం’ అనేవారట. వీడు ‘అ... అ...’ అంటుంటే చుట్టూ చేరి నవ్వేవారట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మాట రాని బిడ్డ మాట రావడం లేదని ఏ మాటతో చెప్పుకుంటాడు? ఇంట్లో కూడా నోరు మూసుకున్నాడు. నేను పెరిగే వయసు, బిడియం అనుకున్నాను.

ఒక సాయంత్రం స్కూలు నుంచి రాలేదు. నేను వీధులన్నీ తిరిగి, ఏడుస్తూ గుమ్మంలో కూలబడ్డాక, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వాణ్ని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. గంగవరం పల్లె నుంచి వచ్చి దువ్వాడ స్టేషను దగ్గర చేపలమ్ముకునే గురువమ్మ.

“ఆగున్న పేసింజరు పెట్టిలో ఒక్కడే కూకున్నాడమ్మా. ఎక్కడికెల్తన్నావు బాబూ అంటే నోరు పెగల్లేదు. నాకు తొందరేటని నానూ పక్కనే కూకున్నాను. సెప్పీదాకా సూసి, దింపీసి తెచ్చాను” అంది.

ఆవిడ కూతురు సీతాలు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. ట్యాంకు వెనక సంగతి మర్నాడు ఆ పిల్లే వచ్చి చెప్పింది. నేను ఉన్నపళాన హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను. కూర్చోమని కూడా అనలేదు.

“మగపిల్లలన్నాక ఏదో సరదాకి అంటారమ్మా. మీవాడు ముందు మాట సరిచేసుకోవాలి. ఈ వయసులో నాలుగు మాటలు పడితేనే గట్టిపడతాడు” అన్నాడు.

“సరదా ఎవరికండీ? మా వాడికి రైలెక్కి పారిపోయేంత సరదాగా ఉంది!” అన్నాను. ఆయన గంట కొట్టి అటెండరుని పిలిచాడు. నా ఒళ్లు మండిపోయింది. బయటికొస్తే ఎదురుగా కంట్రాక్టరుగారి గోడ. అది పూర్తయ్యేదాకా ఈ మనిషికి చెవులుండవని అర్థమైంది.

ఆ పెద్దమనిషి చెయ్యని పని సీతాలు చేసింది. “నాను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సేపల కంపని ముక్కులు మూసుకునీవోరు పిన్నీ. ఒక్కళ్లు పక్కన కూకుంటే సాలనిపించీది. ఎవులూ కూకోలేదు. అర్జునుకాడ మేం కూకుంటాం” అంది. తన క్లాసువాళ్లని కూడగట్టింది. ఇంటర్వెల్లులో చిన్న తరగతుల పిల్లల మధ్యకి వెళ్లి కూర్చోవడం, బెదిరినవాడు ఎవరికి చెప్పుకోవాలో ముందే చూపించడం, ఎవరినైనా పట్టుకుంటే అందరూ కలిసి వెళ్లి నిలబడడం. చెయ్యి మాత్రం ఎత్తకూడదు. ఇవీ వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు. అర్జున్ ఒక్కడే కాదు, ఇలా నలిగిపోతున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ బయటపడ్డారు. ఒక పిల్ల అయితే తిట్లకి భయపడి మంచినీళ్ల దగ్గరికే వెళ్లడం మానేసిందట!

కిందటివారం ఆ ముఠా మళ్లీ అర్జున్ సంచీ లాక్కుంది. సీతాలు క్లాసువాడు పోలిరాజు చూసి కేకేశాడు. తొమ్మిదోవాళ్లూ ఆరోవాళ్లూ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“ఏటే సేపలదానా, నీకేటి?” అన్నాడు కంట్రాక్టరు కొడుకు.

“అవును, సేపలదాన్నే. ఆడి సంచీ ఆడికియ్యి” అంది సీతాలు.

ఎవరూ కదల్లేదు. ఈసారి నవ్వేవాళ్లు లేరు. వాడు సంచీ విసిరేసి పోయాడు.

పిల్లలంతా ఫిర్యాదుకి వెళితే హెడ్మాస్టరు ఏం చేశాడనుకున్నారు? సీతాలు ఒక్కదాన్నే లోపలికి పిలిచి, “స్కూల్లో యూనియన్ పెడుతున్నావా? రేపు మీ అమ్మని తీసుకురా, టీసీ ఇచ్చేస్తాను” అన్నాడట. సంచీ లాక్కున్నవాడికి ఏమీ లేదు, అడిగిన పిల్లకి టీసీ!

మర్నాడు గురువమ్మతో నేనూ వెళ్లాను. బెల్లు కొట్టినా పిల్లలు క్లాసులకి పోకుండా ఆయన గది ముందు నిలబడ్డారు. “ఈ యూనియన్‌లో ఇంకా ఎవరెవరున్నార్రా?” అని ఆయన అరిచాడు. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు మన అర్జున్ ముందుకొచ్చాడండీ. “నే... నే...” అన్నాడు. అంతమంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ మాట అందించలేదు. వాడు ఊపిరి పీల్చుకుని, “నేను కూడా ఉన్నాను సార్” అన్నాడు. ఆ వెనక చేతులన్నీ లేచాయి.

టీచర్లు బయటికొచ్చి చూస్తున్నారు. తెలుగు చెప్పే కాంతం టీచరు వచ్చి సీతాలు పక్కన నిలబడి, “దీనికి టీసీ ఇస్తే అందులో అసలు కారణం నేను రాస్తాను సార్” అంది. ఆయన గొంతు తగ్గింది. టీసీ మాట పోయింది, కంట్రాక్టరుకి కబురు వెళ్లింది. ఆ కుర్రాడు క్షమాపణేమీ చెప్పలేదు, ట్యాంకు వైపు మాత్రం రావడం లేదు. అయినా నా కోపం చల్లారలేదు. జీతాలు తీసుకునే పెద్దలు చెయ్యాల్సిన పనికి పసివాళ్లు చదువులు పణం పెట్టాలా?

ఇక ఇంతసేపూ రాయలేక ఆపుకున్న మాట. దువ్వాడ నుంచి వచ్చిన రోజు, “నాన్నగారి దగ్గరికి వెళ్దామనుకున్నావా?” అని వాణ్ని అడిగాను. కాదని తలూపాడు. “నాన్న కూడా న... నవ్వుతారు కదమ్మా” అన్నాడు.

భోజనాల దగ్గర మీరు ‘ఇంజను స్టార్టవలేదా?’ అంటారే, అది వాడు మరిచిపోలేదండీ. మీరు ముద్దుకే అంటారు, నాకు తెలుసు. ఆ హెడ్మాస్టరు కూడా సరదా అనే అన్నాడు. నాకు మీమీద కోపంగా ఉంది. దాచుకుని వండి వడ్డించడం నాకు చేతకాదు, అందుకే రాసేశాను.

దసరాకి మీరొస్తారని చెప్పాను. జరిగిందంతా తనే చెబుతానన్నాడు. చాలాసేపు పడుతుంది. స్టేషనులో మొదలుపెడితే ఇల్లు చేరినా పూర్తి కాకపోవచ్చు. మధ్యలో మాట అందించకండి. వినండి.

ఇట్లు,
కోపంతోనే మీ రాకకి ఎదురుచూస్తున్న మీ ఇల్లాలు,
గౌరీశ్వరి.