చవక నెట్‌వర్క్

తమ్ముడు ఓబిలేష్‌కు బత్తలపల్లె నుంచి అక్క రాయునది.

తిడతానని నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం నీ భార్య అరుణజ్యోతి చేతికిచ్చి పంపుతున్నాను.

క్రిప్టో వ్యాపారానికి ఏ బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ నమ్మకమైనది, దేనికి ఫీజు తక్కువ అని నెల రోజులు నోటుబుక్కులో రాసి పోల్చావట. చివరికి నూట ఇరవై రూపాయల ఫీజు మిగులుతుందని, లక్షా పదివేలూ ఒకేసారి చవక నెట్‌వర్క్ మీద పంపావు. డబ్బు అందుకోవాల్సిన అవతలి యాప్‌లో ఆ నెట్‌వర్కే లేదు. "దుడ్లు యాడికో పోయినాయి, ఇంక రావంట" అని ఇంట్లో తీరిగ్గా చెప్పావట.

ధర్మవరంలో పట్టుకు రంగులద్దే మనిషివి నువ్వు. నాలుగు పోగులు ముంచి, ఆరబెట్టి, ఎండలో చూసుకోనిదే మిగతా పట్టు ముట్టవు. కొత్త పనివాడు ఒకసారి తొందరపడితే "యాడ నేర్చినావప్పా ఈ పని" అని వీధంతా వినపడేలా అరిచావు. ఇప్పుడు అతను నిన్ను ఏమని అడగాలి?

ఈసారి నమ్మకమైన నెట్‌వర్క్ దొరికిందని, యాభై వేలు సర్దమని మెసేజీ పెట్టావు. కవరులో పది రూపాయల నోటు ఉంది. ముందు అది ఆ నెట్‌వర్క్ మీద వెళ్లి క్షేమంగా తిరిగి నా చేతికొచ్చాక మిగతా సంగతి మాట్లాడదాం.

మీ అక్క