అత్తయ్య ఊటీలో పడవెక్కిన ఆదివారం

ఊటీ,
సోమవారం.

పూజ్యులైన వదిన గారికి,

మీ మరదలు నాగమణి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. చలి సంగతి పక్కన పెడితే ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అడవులదీవిలో మీరూ అన్నయ్యగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అన్నయ్యగారికి దగ్గు తగ్గిందా? మీ తమ్ముడికి టీ ఫ్యాక్టరీలో ఫిట్టరు పని బాగానే ఉంది. ఒంటినిండా టీ పొడి వాసనతో ఇంటికొస్తారు, నేను పెట్టిన టీకి మాత్రం వంకలు పెడతారు.

వదినా, మీ కార్డు అందింది. అమ్మకి అక్కడ పడకపోతే వచ్చి తీసుకెళ్లిపోతానని రాశారు. ఆ ముక్క చదివినప్పటి నుంచీ నాకు ఒకటే దిగులు. మామయ్యగారు పోయాక అత్తయ్యని తెచ్చుకున్నామన్న మాటే గానీ, ఆవిడ మనసు మాత్రం అక్కడే ఉండిపోయింది. దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గరే కూర్చునేది. ఏం వండినా రెండు ముద్దలు తిని, "నన్ను మనూరు పంపించెయ్యండమ్మాయ్, ఈ కొండల మీద నాకేం పని" అనేది. ఇక్కడ చుట్టుపక్కలంతా అరవమే. మీ తమ్ముడు డ్యూటీకి వెళ్తే నాతో తెలుగు మాట్లాడేది ఆవిడొక్కతే. ఆవిడా వెళ్లిపోతే నేను గోడలతో మాట్లాడుకోవాలి. నిజంగా భయమేసింది వదినా.

మీకు తెలుసుగా, రేపల్లెలో కొత్త సినిమా వస్తే మామయ్యగారు సముద్రం మీద చేపల వేట నుంచి రాగానే తలంటుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని బస్సెక్కేవారట. అది గుర్తొచ్చి, సినిమాల్లో చూసిన చోట్లన్నీ ఆవిడకి చూపిద్దామని మీ తమ్ముడితో నేనే అన్నాను. ముందు పూలతోటకి వెళ్లాం. "ఏంటీ, వాళ్లు పాటంతా గంతులేసింది ఈ గడ్డిలోనా? తెరమీద ఊరంత ఉందే!" అని పెదవి విరిచింది. తరవాత హీరో పడిపోయిన కొండ అంచు చూపిస్తే కళ్లొత్తుకుంది. "ఆ హీరో బతికే ఉన్నాడే అమ్మా, మొన్ననే ఇంకో సినిమా వచ్చింది" అని మీ తమ్ముడంటే, "నువ్వూరుకోరా, కన్నతల్లికి తెలుస్తుంది ఆ బాధ" అంది. ఇంటికొచ్చాక మళ్లీ ఆ కిటికీయే.

నిన్న చెరువుకి వెళ్లాం. హీరో పాట పాడుతూ తెడ్డు వదిలేసి హీరోయిన్ తల్లో పువ్వు పెడతాడు చూడండి, ఆ చెరువు. పొద్దున్నే అత్తయ్య కొబ్బరికాయా పసుపూ కుంకుమా సంచిలో పెట్టమంటే గుడికనుకున్నాను. తీరా పడవలో కాలు పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఏంటమ్మాయ్, గంగమ్మకి దణ్ణం పెట్టకుండానే ఎక్కేస్తావా?"

మీ తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. "అమ్మా, ఇది సముద్రం కాదే, చెరువు" అన్నారు. "నీళ్లు నీళ్లేరా. మీ నాన్న ఏనాడన్నా కాయ కొట్టకుండా కొత్త పడవెక్కాడా?" అని గదమాయించి, పసుపు కుంకుమ తను ముట్టుకోకూడదని సంచి నా చేతికిచ్చింది. వెనక కొత్త జంటలు వరసలో నిలబడ్డారు. పడవవాడు అరవంలో విసుక్కుంటున్నాడు. నేను గబగబా కానిచ్చేద్దామనుకున్నాను. పసుపు కుంకుమ నీళ్లలో వేసి, పడవ ముక్కు మీద కాయ కొడితే అది పగల్లేదు సరికదా, చేతిలోంచి జారి బుడుంగున చెరువులో పడి తేలుకుంటూ పోయింది!

అపశకునమంటుందేమోనని అత్తయ్య వంక చూశాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది వదినా! మామయ్యగారు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. "గంగమ్మతల్లికి ముక్కలొద్దంట, నిండు కాయే కావాలంట" అంది. పడవవాడూ నవ్వేశాడు. వెనకున్న కొత్త పెళ్లికూతురు మిగిలిన కుంకుమ చూపించి చెయ్యి చాపింది. ఇంకొకమ్మాయి తల్లోని పువ్వులు తీసి నీళ్లలో వేసింది. అత్తయ్య తెలుగులో చెప్తుంది, వాళ్లు అరవంలో తలలూపుతారు. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదనుకోండి.

చెరువు మధ్యకి వెళ్లాక మెల్లిగా అంది, "ఆ సినిమా చూసి మీ మామయ్య, 'వీడికి తెడ్డు పట్టుకోవడం చేతకాదే, నిన్ను నేను తీసుకెళ్లి తిప్పుతా' అన్నాడమ్మాయ్." అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ తమ్ముడు అటు తిరిగి కొండలు చూశారు. ఇంటికొచ్చి అత్తయ్య మారు వడ్డించుకుని తింది.

అన్నయ్యగారికీ, వీధిలో పెద్దలందరికీ మా ముగ్గురి నమస్కారాలు చెప్పండి. పిల్లల్ని నా బదులు గట్టిగా ముద్దు పెట్టుకోండి. మీ ఆశీస్సులు మా మీద ఉండాలి.

ఇట్లు,
మీ మరదలు
నాగమణి

అత్తయ్య నా పక్కన కూర్చుని, మాట మార్చకుండా రాయమని చెప్పినది:
"ఒసే రత్తాలూ, తప్పకుండా రా. వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు తే. ఇక్కడ వానలు ఎక్కువంట, ఆ వానలు వెళ్లేదాకా సరిపోవాలి. తిరుగు టిక్కెట్టు నీ ఒక్కదానికే తీసుకో."